పెరట్లో మొలిచిన తేలుతోక పూల మొక్క: రసం తాగొచ్చా, పీకేయాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బొబ్బిలి దగ్గర మీ ఊళ్ళో చెరువు నీరు వెనక్కి తగ్గాక పెరటి కంచె దాకా ఈ మొక్క గుంపుగా లేచిందనీ, పూల కాడ తేలు తోకలా చుట్టుకుని ఉందనీ, పక్కింటి మేకలు దాన్ని వాసన చూసి వదిలేస్తున్నాయనీ రాశారు. ఎవరో వీడియో చూపిస్తే మీ అమ్మగారు మోకాళ్ళ నొప్పులకని ఆకు రసం తీసి నాలుగు రోజులుగా పరగడుపున తాగుతున్నారనీ, అది తాగొచ్చా, మొక్కల్ని పీకేయాలా అనీ అడిగారు. మిగతా సంగతులు నెమ్మదిగా చెప్తాను. ముందు ఆ రసం ఈ రోజే ఆపించండి. తగ్గించి తాగడం, తేనె కలిపి తాగడం, రోజు విడిచి రోజు తాగడం కూడా వద్దు, పూర్తిగా మానేయాలి.

నాలుగు రోజులు తాగినందుకే ఏదో అయిపోయిందని టెన్షన్ పడకండి. అలాగని వదిలేయకండి కూడా. ఒక డాక్టరుకి చూపించి, ఈ మొక్క రసం ఇన్ని రోజులు, రోజుకి ఇంత తాగారని స్పష్టంగా చెప్పండి. మొక్కని పూలతో సహా ఒక కవరులో పెట్టి పట్టుకెళ్ళండి, మన డాక్టర్లకి పేరు చెప్తే తెలియకపోవచ్చు గానీ 'కాలేయానికి పడని మొక్క' అంటే వెంటనే అర్థమవుతుంది. లివర్ ఫంక్షన్ టెస్ట్ అని రక్త పరీక్ష ఉంటుంది, చేయించాలో వద్దో ఆయన చెప్తారు. కుడివైపు డొక్కలో నొప్పి, పొట్ట ఉబ్బి బరువెక్కడం, ఆకలి చచ్చిపోవడం, కళ్ళు పచ్చబడడం, ఇలాంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. దీని దెబ్బ అప్పటికప్పుడు బయటపడాలని లేదు, వారాల తర్వాత కూడా పడొచ్చు. అందుకే రెండు నెలల తర్వాత ఏదైనా తేడా వచ్చినా ఈ రసం సంగతి డాక్టరుకి గుర్తు చేయాలి.

ఇక మొక్క ఏమిటో చూద్దాం. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ముప్ఫై ఏళ్ళు బోటనీ చెప్పాను, ఏటా వాళ్ళని నాగావళి ఒడ్డుకి తీసుకెళ్ళినప్పుడు మొదట చూపించే మొక్కల్లో ఇదొకటి. మీ ఫోటోల్లో ఉన్నది నాగదంతి, శాస్త్రీయ నామం హీలియోట్రోపియం ఇండికం, 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. అయినా ఫోటో చూసి చెప్పింది చాలదు, మీరు స్వయంగా సరిచూసుకోవాలి. మొక్క పక్కన కూర్చుని ఒక పూల కాడని వేళ్ళ మధ్య పట్టుకోండి. కొస లోపలికి చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్టలో ఆవగింజ కంటే చిన్న మొగ్గలు రెండు వరసల్లో ఒత్తుగా ఉంటాయి. చుట్ట విప్పుకునే వంపు దగ్గర మాత్రమే పూలు విచ్చుకుని ఉంటాయి, లేత ఊదా రంగు, అయిదు రేకలు, మధ్యలో పసుపు చుక్క. వంపు దాటి కిందికి వస్తే రాలిన పూల చోట పచ్చి కాయలు, ఇంకా కిందికి వస్తే రెండుగా చీలిన ఎండు కాయలు. అంటే ఒకే కాడ మీద కొసన రేపటి పూలు, వంపులో ఇవాళ్టివి, మొదట్లో గింజలు. రోజూ కొంచెం విప్పుకుంటూ కాడ పొడుగవుతుంది, జానెడు దాకా పోతుంది. పూలన్నీ కాడకి ఒకే వైపున పైకి తిరిగి ఉంటాయి, అవతలి వైపు బోసిగా ఉంటుంది. ఇంత అందమైన అమరిక ఉన్న కలుపు మొక్కలు మన చెరువు గట్ల మీద తక్కువే.

తర్వాత ఆకు చూడండి. అంచు అలలు అలలుగా, పైన ముడతలు ముడతలుగా ఉండాలి, ఆకు అడుగు భాగం సన్నబడి కాడకి రెండు పక్కలా రెక్కలా కిందికి దిగాలి. బొటనవేలితో రుద్దితే గరుకుగా తగలాలి. ఆ గరుకుదనం ఈ కుటుంబానికి ఇంటిపేరు లాంటిది, బొరాజినేసి అంటారు దీన్ని. వెంట్రుకల మొదళ్ళలో సున్నం, ఇసుక లాంటి గట్టి పదార్థం చేరుతుంది, అందుకే చాలా జాతుల ఆకులు గరుకు కాగితంలా ఉంటాయి. ఈమధ్య కొందరు శాస్త్రవేత్తలు నాగదంతి జాతిని విడదీసి వేరే కుటుంబంగా రాస్తున్నారు, మీకు ఎక్కడైనా ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి, మొక్క అదే.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త, అసలు ప్రమాదం అక్కడే ఎక్కువ. నాగదంతి అని, తేలుమణి అని దీన్నే అంటారు. సంస్కృతంలో హస్తిశుండి, అంటే ఏనుగు తొండం, పూల కాడ వంపు చూసి పెట్టిన పేరు. కానీ ఆయుర్వేదంలో దంతి అనే మందు పూర్తిగా వేరే మొక్క, మన కొండల్లో కొండ ఆముదం అంటారు, దాని వేరూ గింజలూ తీవ్రమైన విరేచనకారి. నాగదంతి అన్న పేరు దానికీ వాడినవాళ్ళున్నారు. తేలుకొండి అంటే కొందరు ఇంకో మొక్కని చూపిస్తారు, కొంకి ముళ్ళతో నల్లటి గట్టి కాయ కాసేది, పిల్లలు ఆడుకునేది. వీడియోలో చెప్పినాయన ఏ మొక్క గురించి చెప్పాడో, మీ అమ్మగారు ఏది కోశారో, ఆ ఇద్దరి మధ్య పేరు తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు. పచ్చి మందు విషయంలో పేరు విని ఆకు కోయడం కంటే పెద్ద పొరపాటు ఇంకొకటి నాకు తెలియదు.

ఇప్పుడు ఎందుకు తాగకూడదో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, అమ్మగారికి మీరే నచ్చజెప్పాలి కదా. నాగదంతిలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలుంటాయి, ఇండిసిన్ అనేది వాటిలో ఒకటి. ఇవి నోట్లో పడగానే చేసే హాని తక్కువ. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళి కాలేయానికి చేరాక, అక్కడ కాలేయం దేన్నైనా విరిచి బయటికి పంపే పనిలో వీటినీ మార్చబోయి, తనకే హాని చేసే రూపంలోకి మార్చుకుంటుంది. అది కాలేయం లోపలి సన్నటి రక్తనాళాల గోడల్ని పాడు చేస్తుంది, నాళాలు మూసుకుపోతాయి, రక్తం వెనక్కి తన్నుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. ఎక్కువ మోతాదు ఒకేసారి పడినా, తక్కువ మోతాదు నెలల తరబడి పడినా ప్రమాదమే. రెండోది ఇంకా మోసం, ఎందుకంటే రోజూ తాగుతున్నా ఏమీ కాలేదన్న ధైర్యం వస్తుంది. వేడి చేస్తే పోతుందనీ అనుకోకండి, కషాయం కాచినా ఇవి పోవు.

ఇది పుస్తకాల్లో భయపెట్టే మాట కాదు, జరిగింది. అఫ్ఘానిస్తాన్‌లో హెరాత్ వైపు గుల్రాన్ అనే చోట 1970లలో రెండేళ్ళ కరువు తర్వాత గోధుమ చేలలో నాగదంతి జాతికే చెందిన కలుపు విపరీతంగా పెరిగింది. దాని గింజలు గోధుమల్లో కలిసి పిండిలోకి వెళ్ళాయి, ఆ రొట్టెలు తిన్న దాదాపు 7,200 మందిని పరీక్షిస్తే సుమారు 1,600 మందికి కాలేయ జబ్బు ఆనవాళ్ళు కనిపించాయి. ఎవరూ మందని తాగలేదు, రోజూ తినే తిండిలో వచ్చింది.

మనకి ఇంకా దగ్గరిది ఉంది. 1975లో సర్గుజా జిల్లాలో, అప్పుడు మధ్యప్రదేశ్, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్, ఊళ్ళలో పొట్ట ఉబ్బి జనం పడిపోయారు. 67 మందికి జబ్బు వస్తే 28 మంది చనిపోయారు. వాళ్ళు తిన్నవి సామలు. అందులో కలిసిన గింజలు నాగదంతివి కావు, మన జనుము, గిలిగిచ్చ జాతికి చెందిన ఒక అడవి మొక్కవి, అయితే విషం ఈ తరగతిదే. ఇది చదివిన దగ్గర్నుంచి నేను సామలు కొనేటప్పుడు దోసిట్లోకి తీసుకుని చూస్తాను. ఒకసారి సీతంపేట సంతలో ఒక సవర ముసలమ్మ నా ముందు చేటలో సామలు పోసి చెరిగింది. రెండు విసుర్లకి పొట్టు ఎగిరిపోయింది, మూడో విసురుకి చేటని వంచి, అంచుకి జారిన గింజల్లోంచి నున్నగా మెరిసే బూడిదరంగు గింజలు నాలుగింటిని గోటితో తీసి పక్కన పారేసింది. గింజ చిక్కుడు గింజ ఆకారంలో, బాగా చిన్నగా ఉంది. ఎందుకమ్మా తీస్తున్నావంటే, 'చేదు బాబూ, పిల్లలు తింటారు' అంది. ఆ తల్లి చేతికి తెలిసిన జాగ్రత్తని మిల్లులో పట్టిన ప్యాకెట్ సామలకి ఎవరు చూపిస్తున్నారో అని నాకు ఇప్పటికీ బెంగే. మీ ఇంట్లో చోళ్ళు, సామలు, గంటెలు కళ్ళం నుంచి నేరుగా వస్తుంటే చెరిగి, ఏరి వాడుకోండి.

బహుశా వీడియోలో క్యాన్సర్ మాట కూడా వచ్చి ఉంటుంది. దాని వెనక కొంత నిజం ఉంది కాబట్టి చెప్తున్నాను. ఈ మొక్కలోంచి తీసిన ఇండిసిన్ ఎన్-ఆక్సైడ్ అనే పదార్థాన్ని అమెరికాలో రక్త క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు. కొందరిలో గుణం కనిపించింది, కాలేయం దెబ్బతినడంతో అది మందుగా నిలబడలేదు. శుద్ధి చేసి, కొలిచి, ఆసుపత్రిలో కళ్ళముందు పెట్టుకుని ఇచ్చినప్పుడే అలా అయితే, రోట్లో దంచి గ్లాసులో పిండిన రసానికి కొలత ఏముంటుంది చెప్పండి. ఈ కుటుంబంలోదే కాంఫ్రే అని యూరప్ మొక్క ఉంది, ఎముకలు అతుక్కుంటాయని తరాలుగా తాగారు. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, నోటితో తీసుకునే కాంఫ్రే ఉత్పత్తుల్ని అమ్మకం నుంచి తీసేయమని కంపెనీలకి చెప్పింది. పెద్దలు వాడారన్నది గౌరవించాల్సిన మాటే, కానీ మెల్లగా పనిచేసే విషాన్ని పెద్దలు ఎలా పట్టుకోగలరు? ఈ రోజు తాగి ఆరు నెలలకి పొట్ట ఉబ్బితే ఆ రెండిటికీ ముడిపెట్టే దారి వాళ్ళకి లేదు.

పైపూతగా వాడొచ్చా అంటే, కురుపుల మీద, గాయాల మీద ఆకు నూరి కట్టడం మన పల్లెల్లో ఉన్నదే. తెగిన చర్మం మీద మాత్రం నేను వద్దంటాను, కళ్ళకలకకి రసం పిండడం అసలు వద్దు. మోకాళ్ళ నొప్పికి ఆముదం ఆకు వెచ్చచేసి కట్టినా ఉపశమనం ఉంటుంది, దానికి దీనితో పని లేదు. ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించి తొడ కండరాలకి వ్యాయామం నేర్పించుకోండి, అమ్మగారి వయసుకి అది చాలా మేలు చేస్తుంది.

మీరు అడగలేదు గానీ తేలు సంగతి చెప్పకుండా ఉండలేను. పూల కాడ తేలు తోకలా ఉంది కాబట్టి తేలు కాటుకి ఈ ఆకు రాస్తే దిగుతుందని మన వైపు బాగా నమ్ముతారు. ఆకారం చూసి వచ్చిన నమ్మకం అది. నల్లతేలు కుడితే చాలాసార్లు నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు ఆకుకి వస్తుంది. ఎర్రతేలు అలా కాదు, పిల్లల గుండెని దెబ్బతీస్తుంది. కుట్టిన పిల్లాడికి ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్ళూ చల్లబడడం, ఆయాసం వస్తుంటే ఆకు కోసం గట్టుకి పరుగెత్తకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మాత్ర ఈ పిల్లల్ని కాపాడుతుందని గమనించి 1986లో లాన్సెట్ పత్రికలో రాశారు. అంతకు ముందు ఎంతోమంది పిల్లలు పోయేవారు. ఇప్పుడు తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంది. ఆకు కట్టుతో పోయే గంట చాలా విలువైన గంట.

ఇంత చెప్పాక మీరు పలుగు పట్టుకుని మొక్కలన్నీ పెళ్ళగిద్దామనుకుంటారేమో, అదొద్దు. నిజం చెప్పాలంటే నాకు ఈ మొక్కంటే చాలా ఇష్టం, ఎందుకో చెప్తాను.

రెండు మొక్కలు వేళ్ళతో పీకండి, తలకిందులుగా తాడుతో కంచెకి కట్టండి, ఆకులు వాడి ఎండనివ్వండి. మూడో రోజో నాలుగో రోజో పొద్దెక్కాక వెళ్ళి చూడండి. సీజన్ బాగుంటే ఆ ఎండు కట్ట మీద సీతాకోకలు వాలి ఉంటాయి, నల్లటి రెక్కల మీద లేత నీలం చారలున్న బ్లూ టైగర్, నారింజ రంగు ప్లెయిన్ టైగర్, ముదురు గోధుమరంగు కామన్ క్రో. పూలే లేని ఎండు కాడల మీద అవేం చేస్తున్నాయని మీకు ఆశ్చర్యం వేస్తుంది. చేత్తో తాకే దూరానికి వెళ్ళినా లేవవు, అంత లీనమైపోతాయి. దగ్గరగా చూస్తే చుట్టుకున్న గొట్టం లాంటి నాలుక సాచి, ఎండిన ఆకు మీద ఒక చుక్క తడి వదిలి, దాన్నే మళ్ళీ పీల్చుకుంటాయి. ఆ తడిలో కరిగి వచ్చేది మీ అమ్మగారి కాలేయానికి పడని ఆ ఆల్కలాయిడే.

వచ్చేవి దాదాపు అన్నీ మగవి. ఆ పదార్థం నుంచే అవి ఆడదాన్ని ఆకర్షించే సువాసన తయారుచేసుకుంటాయి, పొట్ట చివర కుంచెలాంటి వెంట్రుకల కట్ట ఉంటుంది, దాన్ని విప్పి ఆ వాసన చల్లుతాయి. మిగిలిన ఆల్కలాయిడ్ జత కట్టినప్పుడు ఆడదానికి, దాని నుంచి గుడ్లకి కూడా చేరుతుంది, తినబోయిన పురుగులకి అవి రుచించవు. ప్లెయిన్ టైగర్ గొంగళి పెరిగేది జిల్లేడు ఆకుల మీద. అంటే ఆ సీతాకోకకి చిన్నప్పుడు జిల్లేడు, పెళ్ళీడుకి నాగదంతి, రెండూ మనం పనికిరానివని నరికేసేవే. ఎకరాలు అక్కర్లేదు, చెరువు వైపు కంచె మూల ఒక మంచం పట్టేంత జాగాలో వీటిని ఉండనివ్వండి.

ఇంకోటి వెతకండి, ఆకుల మధ్య తెల్లటి రెక్కల మీద ఎర్ర చుక్కలూ నల్ల చుక్కలూ ఉన్న చిన్న రెక్కల పురుగు కనిపించవచ్చు, పగలే ఎగురుతుంది, కదిలిస్తే నాలుగడుగులు ఎగిరి మళ్ళీ గడ్డిలో వాలుతుంది. దాని గొంగళి ఈ ఆకే తిని ఈ విషాన్నే ఒంట్లో దాచుకుంటుంది. ఆ ఎర్ర చుక్కలు పిట్టలకి 'నన్ను ముట్టకు' అని చెప్పేవే.

మిగతా చోట పీకాలి, ముఖ్యంగా ఆకుకూరల మడి దగ్గరా, గడ్డి కోసే చోటా. వేరు మరీ లోతుకి పోదు, తడి నేలలో చేత్తోనే వస్తుంది. కింది కాయలు ఎండి రాలకముందే పీకితే వచ్చే ఏడాది మొలకలు తగ్గుతాయి. నూగు కొందరికి దురద పెడుతుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. పీకినవాటిని తోటకూర, పాలకూర మళ్ళలో ఎరువుగా పరచకండి, ఇలాంటి మొక్కలు కుళ్ళేటప్పుడు వాటి ఆల్కలాయిడ్లని పక్క మొక్కలు వేళ్ళతో పీల్చుకుంటాయని ఈమధ్య పరిశోధనల్లో తేలింది. ఒక మూల గొయ్యిలో వేసి మట్టి కప్పేయండి.

మేకలు పచ్చి మొక్కని చేదుకి వదిలేస్తాయి, తెలివైనవి. పైగా మేకలు, గొర్రెలు ఈ విషాన్ని ఆవులూ గుర్రాలంత త్వరగా దెబ్బతినకుండా తట్టుకుంటాయి, అయితే ఆస్ట్రేలియాలో ఇదే జాతి మొక్క మేసి మేసి గొర్రెలు చనిపోయిన చరిత్ర ఉంది. మీ ఆవుకి కోసి వేసే గడ్డిలో ఇది కలవకుండా చూడండి, ఎండుగడ్డిలో కలిస్తే పశువు ఏరి పక్కన పెట్టలేదు.

దీని బంధువులు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. మెట్ట చేల గట్ల మీద, జీడితోటల్లో మోకాలెత్తు, ఒళ్ళంతా గరుకు, తలవంచుకుని వేలాడే లేత నీలం పూలు ఉన్నది గువ్వగుత్తి, వాడేటప్పుడు పూలు గులాబీ రంగుకి తిరుగుతాయి. చెరువు ఎండిన నేల మీద అతుక్కుపోయి పరుచుకునేది హంసపాది. నౌపడ ఉప్పుమళ్ళ లాంటి చవుడు నేలల్లో నాగదంతి చెల్లెలు ఒకటి ఉంటుంది, అది మాత్రం నున్నగా, మందపాటి ఆకులతో, తెల్లటి పూలతో ఉంటుంది, చుట్ట చూస్తే మాత్రం ఇంటి పోలిక దాగదు. చివరికి బంక కారే నక్కెర పండు చెట్టు కూడా ఈ వంశమేనని పాత లెక్క, ఆ పండు మాత్రం తినేదే. ఒకే కుటుంబమని ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టకూడదు, దేని లెక్క దానిదే.

రేపు వీలైతే ఆకు కాడ దగ్గర రెక్క కనిపించేలా ఒక ఫోటో, విడిపోయిన ఎండు కాయ ఫోటో ఒకటి పెట్టండి, నాగదంతి అవునో కాదో ఇక సందేహం లేకుండా చెప్తాను. అమ్మగారి రక్త పరీక్ష చేయిస్తే ఎలా వచ్చిందో కూడా రాయండి. కట్ట కట్టి కంచెకి వేలాడదీసే పని ఆవిడకే అప్పజెప్పండి, పొద్దున్నే రసం దంచే సమయానికి అటు వెళ్ళి చూస్తారు.